సమస్య నంబరు అరవై నాలుగు

మా ప్రిన్సిపాల్ డాక్టర్ మృత్యుంజయరావు గారు మూడు రోజుల వర్క్‌షాప్‌కని బెంగుళూరు వెళ్ళి ఒక జనపనార సంచి, రెండు పెన్నులు, ఒక సిద్ధాంతం పట్టుకుని తిరిగొచ్చారు. సంచీ, పెన్నులూ ఇంట్లో పెట్టేసి సిద్ధాంతాన్ని మాత్రం కాలేజీకి తెచ్చారు.

మాది పల్నాడులో హైవే పక్కనున్న ఒక ఫార్మసీ కాలేజీ. పందొమ్మిదేళ్ళుగా అక్కడ నేను మాత్రలు ఎలా తయారవుతాయో పాఠం చెబుతున్నాను. నా పేరు పరమేశం. ఇన్నేళ్ళలో స్టాఫ్ మీటింగులో నేను నోరు తెరిచింది టీ తాగడానికే.

ఆ సోమవారం మీటింగులో ప్రిన్సిపాల్ గారు లేచి నిలబడ్డారు.

"మన పిల్లలకి మందులు తెలుసు. మేనేజ్‌మెంటు తెలీదు. రేపు మందుల షాపు పెడతారు. స్టాకు అయిపోతుంది. పనివాడు సెలవు పెడతాడు. కస్టమరు గొడవకొస్తాడు. అప్పుడేం చేస్తారు? పుస్తకం తెరుస్తారా? నిర్వహణా నైపుణ్యాలు బోధిస్తే వచ్చేవి కావు, సమస్యలో పడేస్తే వచ్చేవి. అందుచేత వచ్చే వారం నుంచి మేనేజ్‌మెంటు పేపరుకి పాఠాలు రద్దు. సమస్యాధారిత అభ్యసనం ప్రారంభం."

"మరి మేమేం చెయ్యాలి సార్?" అని అడిగారు ఫార్మకాలజీ హెడ్ సులోచన మేడమ్.

"మీరు ఇకనుంచి అధ్యాపకులు కారు. సులభకర్తలు."

అదేమిటో ఎవరికీ తెలియలేదు. అందరం రాసుకున్నాం.

తర్వాత ఆయన ఈ కార్యక్రమానికి ఒక సమన్వయకర్త కావాలన్నారు. అందరూ తల దించుకున్నారు. ఆయన తల వెనక గోడమీద ఒక బల్లి పాకుతుంటే నేను దాన్నే చూస్తున్నాను. ఆయనకది ఉత్సాహంలా కనబడింది. అలా నేను సమస్యల సమన్వయకర్తనయ్యాను.

నిజం చెప్పాలంటే మొదటి వారం బాగానే గడిచింది. ఎనిమిదేసిమంది పిల్లల్ని ఒక్కో బల్ల చుట్టూ కూర్చోబెట్టి ఒక కాగితం ఇచ్చాం. "మందుల షాపులో రద్దీ వేళ ఇద్దరు పనివాళ్ళు పోట్లాడుకున్నారు. మీరు యజమాని. ఏం చేస్తారు?" నాలుగేళ్ళుగా వెనక బెంచీలో పెదవి కదపని పిల్లలు కూడా బల్ల గుద్ది మరీ వాదించారు.

ఆఖరి సంవత్సరంలో కెజియా అని ఒక అమ్మాయి ఉంది. వాళ్ళమ్మ పిడుగురాళ్ళ బస్టాండు దగ్గర టిఫిన్ సెంటరు నడుపుతుంది. ఆ అమ్మాయి కాగితం ఒకసారి చదివి, "ఇద్దర్నీ చెరో కౌంటర్‌కి పంపిస్తాం సార్. రద్దీ తగ్గాక టీ ఇప్పించి ఎందుకు పోట్లాడారో అడుగుతాం. మా హోటల్లో అమ్మ అదే చేస్తది" అంది. బల్ల చుట్టూ అందరూ ఒప్పుకున్నారు. పది నిమిషాల్లో తేలిపోయింది.

వచ్చిన ఇబ్బందల్లా ఒకటే, నా టైంటేబుల్లో ఆ సమస్యకి మూడు వారాలు కేటాయించి ఉన్నాయి. ఏడు సోపానాలున్నాయి. సంగతి చెబితే ప్రిన్సిపాల్ గారి మొహం వాడిపోయింది.

"పది నిమిషాల్లో తేలిపోయిందంటే అది సమస్యే కాదు పరమేశం గారూ. సమస్యని పరిష్కరించడానికేముంది, ఎవరైనా చేస్తారు. సమస్యతో సహజీవనం చెయ్యాలి. కాగితం మీది సమస్యలు లాభంలేదు. నిజమైనవి కావాలి. మన కాలేజీలో ఏమున్నాయో సర్వే చెయ్యండి."

చేశాను. కొత్తగా వెతకాల్సిన పనేమీ పడలేదు. అమ్మాయిల హాస్టల్లో కారే కుళాయి, రోజూ ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చే మూడో నంబరు కాలేజీ బస్సు, ఏది పెట్టినా ఒకే బరువు చూపించే ల్యాబు త్రాసు, లైబ్రరీలో వానొస్తే తడిసే బీరువా. మొత్తం అరవై రెండు తేలాయి. ఒక్కోదాన్ని ఒక్కో జట్టుకి కేటాయించాం. మర్నాడు సర్క్యులరు వచ్చింది.

"కళాశాల ప్రాంగణమందు గల సమస్త సమస్యలును ఇందుమూలముగా అభ్యసన వనరులుగా ప్రకటించడమైనది. సదరు వనరులను అభ్యసన కాలము ముగియకుండ తొలగించుట, మార్చుట, తగ్గించుట, బాగుచేయుట నిషిద్ధము."

ప్రతి సమస్యకీ ఒక బోర్డు తగిలించాం. ఎర్ర అక్షరాలతో నంబరు, దాని కింద "అభ్యసన వనరు. బాగుచేయరాదు."

ఈ సంగతేమీ ప్లంబరు సైదులుకి తెలియదు. ఎప్పుడో రెండు నెలల కిందట ఇచ్చిన కంప్లయింటు చూసుకుని ఒకరోజు వచ్చి, హాస్టల్లో కుళాయి బిగించి వెళ్ళబోయాడు. రెండో సంవత్సరం పిల్లలు పరుగెత్తుకుంటూ నా దగ్గరికొచ్చారు.

"సార్, మా సమస్య పోయింది! ఇంకా మూడో సోపానంలోనే ఉన్నాం!"

ప్రిన్సిపాల్ గారు స్వయంగా హాస్టలుకి వచ్చి సైదుల్ని నిలదీశారు.

"ఎవరి అనుమతితో బాగుచేశావ్?"

"బాగుచేయడానికి అనుమతేంది సార్? కారుతుంటే బిగిచ్చా."

"విప్పెయ్."

"ఏంది?"

"ముందెలా కారిందో అలాగే కారాలి. చుక్క ఎక్కువా కాకూడదు, తక్కువా కాకూడదు."

సైదులు నా మొహం చూశాడు. నేను కుళాయి మొహం చూశాను. "ముప్పై ఏళ్ళ సర్వీసులో ఈ పని ఎప్పుడూ చెయ్యలా" అని గొణుక్కుంటూ కొత్త వాషరు తీసి పాతది పెట్టాడు. ఆ సాయంత్రమే గేటు దగ్గర ఇంకో బోర్డు వెలిసింది. ప్లంబర్లకు, ఎలక్ట్రీషియన్లకు, వడ్రంగులకు, సమస్త మెకానిక్కులకు ప్రవేశం లేదు.

కాలేజీలో కొత్త రకం హోదాలు పుట్టుకొచ్చాయి. కెమిస్ట్రీ విభాగం వాళ్ళకి పదకొండు సమస్యలుండేవి కాబట్టి కారిడార్లో ఛాతీ విరుచుకుని నడిచేవారు. సులోచన మేడమ్ విభాగంలో ఒక్కటీ లేదు. "మీ విభాగమందు సమస్యలు లేకపోవుటకు గల కారణములను మూడు దినములలో తెలియజేయవలెను" అని ఆవిడకి మెమో వచ్చింది.

"ఏం రాయమంటారు పరమేశం గారూ? ఎప్పటి పని అప్పుడు చేసేశాం, క్షమించండి అని రాయనా?"

చివరికి కెమిస్ట్రీవాళ్ళు దయతలిచి తిరగని ఫ్యాన్లలో ఒకటి ఇచ్చారు. ఆవిడ దాన్ని తన గదిలో బిగించుకుని చెమటలు కక్కుకుంటూ గౌరవంగా బతికారు.

ఇదంతా నవ్వుకునే వ్యవహారంగానే ఉండేది, ఫ్రిజ్ పాడవకపోయి ఉంటే.

మా గేటు దాటి లోపలికి రాగానే ఆదర్శ ఔషధశాల అని కాలేజీ మందుల షాపు ఉంది. పిల్లల శిక్షణ కోసం పెట్టిందే అయినా, చుట్టుపక్కల ఊళ్ళకి అదే దిక్కు. ఫార్మసిస్టు కోటిలింగం గారికి అరవై దాటాయి. ఆయన ఫ్రిజ్‌లో ఎప్పుడూ ముప్పై నలభై సీసాల ఇన్సులిన్ ఉంటుంది.

ఏప్రిల్ చివర. బయట నలభై రెండు డిగ్రీలు. పొద్దున్న పదింటికి కోటిలింగం గారు ఫోన్ చేశారు.

"పరమేశం గారూ, ఫ్రిజ్ ఆగిపోయింది. రెండుకీ ఎనిమిదికీ మధ్యన ఉండాల్సింది అప్పుడే పదకొండు చూపిస్తంది. రోడ్డవతల ఫ్రిజ్‌లు బాగుచేసే జానీబాషా ఉన్నాడు, పిలిస్తే రెండు నిమిషాల్లో వస్తాడు. మీ గేటువాడు రానివ్వడంట!"

నేను ప్రిన్సిపాల్ గారికి చెప్పాను. ఆయన కుర్చీలోంచి దాదాపు ఎగిరారు.

"అద్భుతం! నిజమైన సమస్య, నిజమైన షాపు, నిజమైన ఒత్తిడి! బెంగుళూరులో కూడా ఇలాంటిది చూపించలేకపోయారు. అరవై మూడో నంబరు వెయ్యండి. ఆఖరి సంవత్సరం నాలుగో జట్టుకివ్వండి."

నాలుగో జట్టు నాయకురాలు కెజియా. మేం షాపుకి చేరేసరికి ఆ అమ్మాయి, ఇంకో ఏడుగురు ఫ్రిజ్ ముందు నిలబడి ఉన్నారు. బోర్డు తగిలించాను.

"సార్, మెకానిక్కుని పిలవచ్చా?" అంది కెజియా.

"అది ఏడో సోపానం" అన్నారు ప్రిన్సిపాల్ గారు, చిరునవ్వుతో. "మీరింకా మొదటి దాంట్లో ఉన్నారు. సమస్యలో తెలియని పదాలు గుర్తించండి."

"తెలియని పదాల్లేవు సార్. ఫ్రిజ్. పాడయింది."

"తొందరపడకు. పాడయింది అంటే ఏమిటి? ఎవరి దృష్టిలో?"

అప్పుడే మస్తానమ్మ అనే ఆవిడ మెట్లెక్కి వచ్చింది. పదేళ్ళ మనవరాలికి షుగరు. నెలకోసారి రెండు బస్సులు మారి వచ్చి ఇన్సులిన్ తీసుకెళుతుంది.

"అయ్యా, సీసా నిన్ననే అయిపోయింది. పిల్లకి పొద్దుటి సూది ఇంకా పడలా. తొందరగా ఇయ్యండి, పదకొండు బస్సు దొరకాల."

కోటిలింగం గారు ఫ్రిజ్ తలుపు మీద చెయ్యి వేశారు. ప్రిన్సిపాల్ గారు ఆ చేతిని పట్టుకున్నారు.

"వద్దు. లోపలున్న మందు కూడా సమస్యలో భాగమే. ఒక్క సీసా తీసినా సమస్య తగ్గినట్టే. తగ్గించుట నిషిద్ధమని సర్క్యులరులో స్పష్టంగా ఉంది."

"ఏందయ్యా ఆయన అనేది?" అని మస్తానమ్మ నన్నడిగింది.

నాకు జవాబు తెలుసు. చెప్పలేదు. నేను సులభకర్తని. చాలా సులభంగా నిలబడ్డాను.

ప్రిన్సిపాల్ గారికి పదిన్నరకి సెమినార్ హాల్లో ఆన్‌లైన్ ఉపన్యాసముంది. విషయం సమస్యాధారిత అభ్యసనమే. "రెండో సోపానం మధ్యాహ్నం నుంచి" అని చెప్పి వెళ్ళిపోయారు. మస్తానమ్మ మెట్టు మీద కూలబడి కొంగుతో విసురుకుంటోంది. థర్మామీటరు పన్నెండు దాటింది.

కెజియా దానివైపు చూసి జట్టుతో అంది. "ఇంకా ఏం కాలేదు. ఇప్పుడు చల్లబెడితే మందు బతుకుతది. సాయంత్రానికి ఈ వేడికి మొత్తం పారబొయ్యాలి. కాలేజీలో ఇంకో ఫ్రిజ్ ఎక్కడుంది?"

అందరికీ తెలుసు ఎక్కడుందో. ప్రిన్సిపాల్ గారి గదిలో.

కెజియా నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది. "సార్, మీరు కాసేపు అటు తిరుగుతారా?"

తిరిగాను. హైవే మీద లారీలు లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను. ఆరోజు నేను చేసిన ఘనకార్యం అంతే.

వెనక నుంచి మాటలు మాత్రం వినబడ్డాయి. మొదట మస్తానమ్మకి సీసా ఇచ్చి, థర్మోకోల్ పెట్టెలో ఐసు పెట్టి, సీసా గడ్డకట్టకుండా మధ్యన గుడ్డ అడ్డం వేసి, ఎలా తీసుకెళ్ళాలో చెప్పి పంపించారు. తర్వాత సీసాలన్నీ ట్రేలలో ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్ళాయి. మిగిలింది ఖాళీ ఫ్రిజ్.

"మెకానిక్కు లోపలికి రాకూడదని కదా రూలు," అంటోంది కెజియా. "ఫ్రిజ్ బయటికి పోకూడదని లేదు."

ల్యాబులోని ట్రాలీ తెచ్చారు. ఎనిమిది మంది దాన్ని నెట్టుకుంటూ హైవే దాటుతుంటే ఒక ఆర్టీసీ బస్సు ఆగి దారిచ్చింది. జానీబాషా వెనక రేకు విప్పి చూసి, "రిలే పోయిందమ్మా. పావుగంట" అన్నాడు. అంతే పట్టింది.

ఒంటిగంటకి ప్రిన్సిపాల్ గారు ఉపన్యాసం ముగించుకుని, గొంతెండిపోయి, మజ్జిగ కోసం తన ఫ్రిజ్ తెరిచారు. మజ్జిగ లేదు. కొబ్బరినీళ్ళు లేవు. ముప్పై ఏడు సీసాల ఇన్సులిన్, ఒక థర్మామీటరు, ఒక చీటీ ఉన్నాయి. "రెండు నుంచి ఎనిమిది డిగ్రీలు. దయచేసి తలుపు ఊరికే తియ్యకండి."

మూడో రోజున విచారణ. అభియోగం అభ్యసన వనరు ధ్వంసం. కమిటీలో ప్రిన్సిపాల్ గారు, ఆఫీసు వ్యవహారాలు చూసే ఏ.ఓ. గారు, నేను. ఏ.ఓ. గారు కళ్ళు మూసుకుని ఆలోచిస్తారు. కొందరు దాన్ని నిద్ర అంటారు.

"మూడు వారాల సమస్యని రెండు గంటల పది నిమిషాల్లో నాశనం చేశావు," అన్నారు ప్రిన్సిపాల్ గారు. ఆయన గొంతులో కోపం కంటే బాధే ఎక్కువ. "ఏడు సోపానాల్లో ఎన్ని ఎక్కావు?"

"ఎక్కలేదు సార్. ఫ్రిజ్ బరువుగా ఉంది, ర్యాంపు మీదుగా తీసుకెళ్ళాం."

"నీ జట్టులో మిగతా ఏడుగురి అభ్యసనం ఏం కావాలి?"

"వాళ్ళు కూడా నెట్టారు సార్."

ఆయన కాగితం ముందుకు జరిపారు. మేనేజ్‌మెంటు పేపరులో ఇంటర్నల్ మార్కులు సున్నా. అంటే ఏడాది పోతుంది. కెజియా పెదవి బిగించుకుంది. వాళ్ళమ్మ ఆ పిల్ల ఉద్యోగం కోసం ఎదురుచూస్తోందని నాకు తెలుసు. ప్రిన్సిపాల్ గారు నాకు పెన్ను ఇచ్చారు.

నేను సంతకం పెట్టలేదు. పెట్టనని కూడా అనలేదు. "సార్, ఒక చిన్న మనవి" అన్నాను. "సమస్య కనబడగానే పరిష్కరించే విద్యార్థి మన పద్ధతికి పెద్ద సమస్య కదా. ఇలాంటిది మన రిజిస్టర్లో లేదు. ఏ కాలేజీలోనూ ఉండి ఉండదు."

ప్రిన్సిపాల్ గారి కళ్ళు మెరిశాయి. "మానవ సమస్య!"

"అరవై నాలుగో నంబరు వేద్దాం సార్. మూడో సంవత్సరం పిల్లలకి కేటాయిద్దాం. కాకపోతే, నమోదయ్యాక మార్చడం, తగ్గించడం నిషిద్ధం. సున్నా వేస్తే తగ్గించినట్టవుతుందేమో."

ఏ.ఓ. గారు కళ్ళు తెరిచి, "రూలు అదే" అన్నారు. ఆయన నోట విన్న మొదటి మాట అదే, చివరిదీ అదే.

అలా కెజియా అభ్యసన వనరైంది. మెడలో బోర్డు వేసుకుని తిరిగింది. వెనకాల మూడో సంవత్సరం పిల్లలు ఎనిమిది మంది, నోటుపుస్తకాలతో. ఆమె ఏం చేస్తే అది రాసుకోవాలి. ఆమె గేటు దగ్గర నిలబడితే అవతల నుంచి సైదులు వాషరు ఎలా మార్చాలో చెప్పాడు. లోపలికెళ్ళి తనే మార్చింది. వాళ్ళు రాసుకున్నారు. మూడో నంబరు బస్సు డ్రైవర్ని పక్కన కూర్చోబెట్టుకుని అడిగితే, రెండు స్టాపుల మధ్య రైల్వే గేటు పడుతుందని తేలింది. దారి మార్చారు. అదీ రాసుకున్నారు. రెండో వారానికి రాసేవాళ్ళ చేతుల్లో పెన్నులకి బదులు స్పానర్లు కనబడటం మొదలైంది. ప్రిన్సిపాల్ గారు ఈ ప్రయోగం మీద పరిశోధనా పత్రం రాసుకుంటూ గది దాటి రాలేదు. మేమెవరం ఆయనకి చెప్పలేదు. పరీక్షలయ్యాయి. కెజియా క్లాసులో రెండో స్థానంలో నిలిచింది.

జూలైలో నిపుణుల సంఘం వచ్చింది. మా కాలేజీని ఆదర్శ సమస్యా కేంద్రంగా గుర్తించాలా వద్దా అని తేల్చడానికి. ముగ్గురు సభ్యులు. ప్రిన్సిపాల్ గారు వాళ్ళని ఉత్సాహంగా తిప్పారు.

"ఇది కారే కుళాయి" అన్నారు. అందరూ వంగి చూశారు. చుక్క రాలేదు.

"ఇది ఒకే బరువు చూపించే త్రాసు." సంఘం అధ్యక్షురాలు తన కళ్ళజోడు పెట్టి చూశారు, తర్వాత తాళంచెవుల గుత్తి పెట్టి చూశారు. త్రాసు రెండుసార్లూ నిజమే చెప్పింది.

"మూడో నంబరు బస్సు ఎప్పుడూ ఆలస్యమే" అంటుండగా ఆ బస్సు టైముకి వచ్చి మా ముందే ఆగింది.

వారం తర్వాత నివేదిక అందింది. "ఈ కళాశాలయందు సమస్యలు కానరాలేదు. కావున సమస్యాధారిత అభ్యసనము జరుగుచున్నట్లు ఆధారము లేదు. సమస్యలు సమకూర్చుకొనుటకు ఒక సంవత్సరము గడువు ఇవ్వడమైనది."

ఆ మర్నాడు కెజియా సర్టిఫికెట్ల కోసం వచ్చింది. విజయవాడలో ఒక పెద్ద ఆసుపత్రి ఫార్మసీలో ఉద్యోగం వచ్చిందట. స్వీట్ల పొట్లం ఇచ్చింది. నేను గొప్పగా, అరవై నాలుగో నంబరు ఎత్తుగడ గురించి చెప్పాను. ఆ పిల్ల కృతజ్ఞతగా నవ్వుతుందనుకున్నాను. నవ్వింది. తర్వాత అడిగింది.

"సార్, ఆ రోజు షాపు దగ్గరే, మస్తానమ్మ కూర్చునుండగానే, ఇది తప్పు సార్ అని మీరు ఒక్కమాట అనుంటే సరిపోయేది కదా?"

నిందించినట్టు అడగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. నేను స్వీటు బాగుందన్నాను. ఆ పిల్ల నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది.

ఆ వారమే స్టాఫ్ మీటింగు. ప్రిన్సిపాల్ గారు చిక్కిపోయి ఉన్నారు, కానీ కళ్ళలో పాత వెలుగుంది.

"సమస్యలు వాటంతటవే వస్తాయని కూర్చోవడం మన పొరపాటు. ఇకనుంచి మనమే సృష్టించాలి. ప్రతి శుక్రవారం పదకొండింటికి ఔషధశాల ఫ్రిజ్‌కి కరెంటు తీసేద్దాం. ఈ సంగతి కోటిలింగానికి చెప్పొద్దు. పిల్లలు ఏం చేస్తారో చూద్దాం. ఎవరికైనా అభ్యంతరమా?"

అందరూ తల దించుకున్నారు. సులోచన మేడమ్ తన చీర అంచు పరిశీలిస్తున్నారు. నేను లేచి నిలబడ్డానని నా కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడుకి తెలిసింది.

"అది కుదరదు సార్" అన్నాను.

ప్రిన్సిపాల్ గారు నన్ను మొదటిసారి చూస్తున్నట్టు చూశారు.

"ఎందుకు కుదరదు?"

చెప్పాను. వేడెక్కితే ఆ మందు ఏమవుతుందో, అది వేసుకున్న పదేళ్ళ పిల్ల ఏమవుతుందో, మస్తానమ్మ రెండు బస్సులు ఎక్కడ మారుతుందో చెప్పాను. ఆ రోజు ఆయన కోటిలింగం గారి చెయ్యి పట్టుకోవడం తప్పని చెప్పాను. చూస్తూ నిలబడ్డం నా తప్పని చెప్పాను. పదినిమిషాలు పట్టింది.

ఆయన అడ్డు రాలేదు. అయిపోయాక కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, చాలాసేపు రెండు చేతుల్తో మొహం రుద్దుకున్నారు.

"అలాగా," అన్నారు చివరికి, చిన్నపిల్లాడిలా నొచ్చుకున్న గొంతుతో. "ఇన్నాళ్ళూ చూస్తూ ఊరుకున్నారా మాస్టారూ? ఎవరో ఒకరు చెప్పొచ్చు కదా!"